కొసలంక చాటింపు

వరద 29వ రోజు

ఈ రోజు పోయినవి: తూనీగ ఒకటి, బిళ్ళ ఒకటి, హైమావతి మందు పెట్టె ఒకటి. నా మనశ్శాంతి కూడా రాయవచ్చు గానీ, అది పోయి చాలా కాలమైంది.

పొద్దున్న తొమ్మిదింటికి ఎప్పటిలాగే చాటింపు వేశాను. మునిగిపోయిన హైవేలో తేలిన ఫ్లైఓవర్ ముక్క మీద, పాత టోల్‌గేటు గదిలో మైకు ముందు కూర్చుని, ఇవాళ ఏ లంకకు ఏం వెళ్తోందో చదివాను. మొగలిలంకకు జ్వరం మాత్రలు, పూసలలంకకు కళ్ళజోడు, కొసలంకకు ఇన్సులిన్. వరద మూడు నెలలూ పడవలు నడవవు. ఒకప్పుడు సరదాకి ఎగరేసుకున్న ఈ బుల్లి డ్రోన్లే, మేం తూనీగలంటాం, ఇప్పుడు పదకొండు లంకలకీ పోస్టూ మందుల షాపూ. లంకల వాళ్ళు మా మాట వినగలరు, తిరిగి మాట్లాడలేరు. లంకకు ఒకటే రేడియో, దాని దగ్గర ఒక వినేమనిషి. తన లంక పేరు వినపడగానే ఆ మనిషి నలుగురికీ కేకేసి, తూనీగ దిగే అరుగు దగ్గర కర్ర పట్టుకుని నిలబడాలి. కర్ర కోతుల కోసం. వరదకి చెట్లెక్కిన కోతులకి తూనీగ దిగిన చప్పుడంటే భోజనం గంట.

కొసలంక ఇక్కడికి పదకొండు కిలోమీటర్లు. తూనీగ ఎగురుతున్నంతసేపూ పైనున్న ఉపగ్రహాలు ఎన్నింటిని వింటోందో ఆ అంకె నా తెర మీదికి వస్తూ ఉంటుంది. పద్నాలుగు. పదమూడు. పద్నాలుగు. ఇంకో ముప్పావు కిలోమీటరులో లంక ఉందనగా తొమ్మిది, ఐదు, రెండు, సున్నా. తనెక్కడుందో తెలియని తూనీగ గాలి ఎటు తోస్తే అటు పోతుంది. కాసేపటికి తెర మీద ఏ అంకే రాలేదు.

పెట్టెలు సర్దే నూకరాజు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళు పడవ నడిపిన మనిషి, ఇప్పుడు పడవ లేక నా దగ్గర చేరాడు.

"పోయిందాండి?"

"పోయింది."

"పోదేటండి మరి! బయల్దేరేవోణ్ణి ఎక్కడికని అడిగితేనే మాయమ్మ ఎనక్కి పిలిచి, కూకోబెట్టి, మంచినీల్లిచ్చి పంపేదండి. మీరేమో ఫలానా చోటికి ఎల్తందీ, బయల్దేరిందీ అని పదకొండు లంకలకీ మైకులో సెప్తన్నారు. ఆయ్, తగల్దాండి?"

నేను సోల్డరింగ్ కడ్డీ చేతిలోకి తీసుకున్నాను. అది వేడిగా లేకపోయినా అతను వెళ్ళిపోయాడు.

వరద 30వ రోజు

మందుల గది చూసే నూర్జహాన్ సిస్టర్ పొద్దున్నే వచ్చింది. ఆవిడ గొంతు పెంచదు. అరిస్తే తిరిగి అరవచ్చు, అరవని మనిషితో ఏం చేస్తాం?

"తాయారమ్మా, హైమావతి దగ్గర మందు ముప్పైమూడో రోజు వరకే వస్తుంది. సగం సగం వేసుకుంటే ఇంకో రెండు రోజులు. ఆ అమ్మాయిది చిన్నప్పటి నుంచీ ఉన్న షుగరు. మందు లేకపోతే పథ్యంతో నెట్టుకొచ్చే రకం కాదు."

"ఇంకెన్ని పెట్టెలున్నాయి?"

"ఒక్కటే. అది చేరితే వరద తీసేదాకా సరిపోతుంది."

హైమావతిని నేను చూడలేదు. కొసలంకలో పదిహేడు మంది పిల్లలకు చదువు చెబుతుందని, సుద్ద ముక్కలు కావాలని చక్కటి దస్తూరీతో ఉత్తరాలు రాస్తుందని తెలుసు. ఆ లంక వినేమనిషి ఆమె తండ్రి వీరభద్రం. ఆయన కూడా ఉత్తరాలు రాస్తాడు. అందులో సగం ఆయన తాతగారి కేబుల్ టీవీ గొప్పలే. నాలుగు ఊళ్ళకు వైరు లాగాడట, ఆయన చెయ్యి పడితే బొమ్మ రాని టీవీ లేదట.

బిళ్ళల డబ్బా తెరిచి లెక్క చూశాను. ఆరు. జీపీఎస్ బిళ్ళ అంటే బొటనవేలి గోరంత పింగాణీ పలక, దాని కింద చిన్న చిప్పు. కొత్తవి రావు. నా పెద్ద దిగులు అది కాదు. పైన తిరిగే ఉపగ్రహాల్లో చాలా మూగబోయాయి. మిగిలినవాటి గొంతు ఇక్కడికి వచ్చేసరికి గుసగుస కంటే తక్కువ. ఆ గుసగుస వినాలంటే బిళ్ళ చుట్టూ నిశ్శబ్దం కావాలి. పెళ్ళి పందిట్లో మైకు పక్కన కూర్చున్నవాడికి పక్కవాడి మాట వినపడుతుందా? బిళ్ళ పరిస్థితి కూడా అంతే. తూనీగలోని కెమెరా, మోటారు వైర్లు, వోల్టేజి తగ్గించే చిన్న ముక్క, అన్నీ దానికి మైకులే.

నిన్నటి తూనీగలో కెమెరా బిళ్ళకి రెండు వేళ్ళ దూరంలో ఉంది. పెట్టింది నేనే. నన్ను నేను ఏమని తిట్టుకున్నానో ఇక్కడ రాయను.

వరద 31వ రోజు

రోజంతా ఒకే తూనీగ మీద కూర్చున్నాను. కెమెరా పీకేశాను. మోటారు వైర్లను జడలాగా అల్లాను, అలా అల్లితే వాటి రొద ఒకదాన్నొకటి చంపుకుంటుంది. వోల్టేజి ముక్కకు రాగి రేకు చుట్టి ఆ రేకును టంకంతో అతికించాను. బిళ్ళను వెదురు పుల్ల చివర జానెడు ఎత్తున నిలబెట్టి, కింద రేకు పలక పెట్టాను. పైకి ఆకాశం, కిందికి గోడ. ఇంకేం వినపడినా అది పైనుంచి రావలసిందే.

నూకరాజు చూసి, "పిలకెట్టిన బాపనోడిలా ఉందండి" అన్నాడు. నవ్వొచ్చింది. వద్దనుకున్నా వచ్చింది.

ఇంకో పని కూడా చేశాను. అంకె ఆరు కంటే తగ్గితే తూనీగ ముక్కు వెనక్కి తిప్పి, వచ్చిన దారినే వెనక్కి నడవాలని దాని బుర్రలో రాశాను. మందు చేరకపోయినా కనీసం నీళ్ళపాలు కాదు.

వరద 32వ రోజు

తొమ్మిదింటికి చాటింపు. తొమ్మిదీ పదికి తూనీగ లేచింది. మైకులో దారి పొడవునా చెబుతూనే ఉన్నాను: మొగలిలంక దాటింది, విరిగిన టవరు దాటింది, ఇంకో మూడు కిలోమీటర్లే భద్రంగారూ, కర్ర పట్టుకోండి. ఇలా చెప్పడం నా అలవాటు. అవతల ఎదురు చూసేవాళ్ళకి ధైర్యమని మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే నాకే ధైర్యం.

ముప్పావు కిలోమీటరు. పది, ఏడు, మూడు. సరిగ్గా అక్కడే.

తూనీగ వెనక్కి తిరిగింది. ఒక కిలోమీటరు వచ్చాక అంకె మళ్ళీ పద్నాలుగు. మందు పెట్టెతో సహా నా ముందు వచ్చి వాలింది. కొసలంక అరుగు దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డ మనిషికి మైకులో ఏం చెప్పాలో తెలియక, "భద్రంగారూ, ఇవాళ వెనక్కి వచ్చేసింది, రేపో ఎల్లుండో పంపుతాం" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

వరద 33వ రోజు

ఇంకో బిళ్ళ మార్చి, తూనీగను ఒట్టిగా పంపి చూద్దామనుకున్నాను. మందు లేదు గనక చాటింపులో కొసలంక పేరు చదవలేదు. పదకొండింటికి లేపాను. పెట్టెలో ఒక ఉత్తరం, అంతే: మీ లంకలో ఈ మధ్య కొత్తగా ఏ యంత్రమైనా నడుపుతున్నారా, మోటారు, వెల్డింగు, ఏదైనా సరే రాయండి.

పద్నాలుగు. పద్నాలుగు. ముప్పావు కిలోమీటరు, పదమూడు. అర కిలోమీటరు, పద్నాలుగు. అరుగు మీద చీపురుకట్ట పెట్టినంత మెల్లగా దిగింది.

నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. నూకరాజు మాత్రం, "అందులోనే మందెట్టేసుంటే అయిపోను కదండి" అన్నాడు.

కోపమొచ్చింది, ఎందుకంటే ఆ మాట నేనూ అప్పుడే అనుకున్నాను. కానీ చెప్పకుండా మందు పంపకూడదన్నది ఇక్కడ నేను పెట్టిన నియమం. మూడేళ్ళ క్రితం మొగలిలంకలో ఒకరిని పాము కరిచింది. తొందరలో చాటింపు లేకుండా సూది మందు పంపాను. అరుగు దగ్గర ఎవరూ లేరు. కోతులు పెట్టె విప్పి సీసా పగలగొట్టాయి. ఆ మనిషి పేరు ఇప్పటికీ ఈ చిట్టా పుస్తకం అట్ట వెనక రాసి ఉంటుంది. నూకరాజుకు అది తెలుసు.

సాయంత్రం నాలుగింటికి తూనీగ తిరిగొచ్చింది. అనుకున్నట్టే కోతులు పెట్టె మూత పీకేశాయి. కాగితం మూల కొరికి, రుచించక వదిలేశాయి. వీరభద్రం జవాబు ఇది:

"తాయారు గారికి నమస్కారాలు. తూనీగ వచ్చినట్టు మాకు తెలియదు, పిల్లలు చూసి చెప్పారు. మా లంకలో యంత్రమేదీ లేదు. బ్యాటరీ ఆదా కోసం దీపాలు కూడా ఆపాము. పొద్దున్న తొమ్మిదింటికి మీ చాటింపు వినడానికి తప్ప రేడియో సైతం పెట్టను. మా పేరు లేకపోతే వెంటనే కట్టేస్తాను, ఉంటే తూనీగ సంగతి తేలేదాకా వింటాను. ఈ మధ్య మీ గొంతు గంట కొట్టినట్టు ఖంగున వినిపిస్తోంది, దేవుడి దయ. అమ్మాయి సగం సగం పొడుచుకుంటోంది. నిన్నటి నుంచి మంచినీళ్ళు మరీ ఎక్కువ తాగుతోంది. పాఠం మాత్రం మానలేదు."

చదివి నూర్జహాన్‌కు ఇచ్చాను. మంచినీళ్ళ దగ్గర ఆవిడ వేలు ఆగింది.

వరద 34వ రోజు

నిన్న బాగా వెళ్ళింది కదా అన్న ధీమాతో, అదే తూనీగ, అదే బిళ్ళ, అదే పుల్ల. తొమ్మిదింటికి చాటింపు. తొమ్మిదీ పదికి లేచింది.

ముప్పావు కిలోమీటరు. పదకొండు, ఆరు, మూడు. వెనక్కి.

పుల్ల సరే, రాగి రేకు సరే, ఇరవై ఆరేళ్ళ నా అనుభవం కూడా సరే. పెట్టె నా ముందు వాలితే దాన్ని ముట్టుకోబుద్ధి కాలేదు. నూకరాజు వచ్చి, మందు చల్లగా ఉండడానికి చుట్టూ పెట్టిన మంచు తీసి, పెట్టె మందుల గదికి పంపి, నా పక్కన కూర్చున్నాడు.

"నానన్నానని కోప్పడొద్దండి. సెప్పి పంపిన మూడుసార్లూ దారి తప్పింది. సెప్పకుండా పంపిన ఒక్కసారీ ఎల్లింది. ఇందులో నా మూర్ఖత్వమేవుందండి? మీ పుస్తకంలో మీరు రాసిందే."

"మొగలిలంకకు చాటింపు వేసే పంపుతున్నాం. పూసలలంకకూ అంతే. అవి తప్పాయా? నీ శకునం ఒక్క కొసలంక మీదే పగబట్టిందా?"

"అదీ నిజవేనండి" అని ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోయినా బాగుండేది, ఇంకాసేపు అరిచేదాన్ని.

వరద 35వ రోజు

ఈదురుగాలి, వాన. ఏ తూనీగా లేవలేదు. చాటింపులో కూడా అదే చెప్పాను.

చేతులకు పని లేకపోతే బుర్ర పని చేస్తుందంటే నేను నమ్మను గానీ, ఇవాళ నిజంగా అదే జరిగింది. చిట్టా పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నూకరాజు మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. చెప్పి పంపితే తప్పుతోంది. చెప్పకపోతే వెళ్తోంది. కొసలంకకు మాత్రమే.

చాటింపు వేస్తే మా దగ్గర మారేదేమిటి? ఏమీ లేదు. మైకు రోజూ ఉన్నదే. మరి అవతల మారేదేమిటి? ఒక మనిషి రేడియో పెడతాడు. తన లంక పేరు ఉంటే తూనీగ వచ్చేదాకా కట్టడు.

అయితే రేడియో అన్ని లంకల్లోనూ ఉంది. రేడియో ఒక్కటే బిళ్ళ గొంతు నొక్కలేదు.

మళ్ళీ ఉత్తరం తీశాను. ఈసారి మెల్లగా చదివాను. 'ఈ మధ్య మీ గొంతు గంట కొట్టినట్టు ఖంగున వినిపిస్తోంది.' కొసలంక నా మైకుకు అన్నిటికంటే దూరం. పదేళ్ళుగా అక్కడి నుంచి వచ్చే ప్రతి ఉత్తరంలోనూ గరగర తప్ప మాట తెలియడం లేదన్న ఫిర్యాదే. ఇక్కడ నేను మైకు మార్చలేదు. మరి ఖంగున ఎలా వినిపిస్తోంది?

తాతగారి కేబుల్ టీవీ. చెయ్యి పడితే బొమ్మ రాని టీవీ లేదు.

వర్షంలోనే పాత సామాను కొట్లోకి పరిగెత్తాను. నూకరాజు గొడుగు పట్టుకుని వెనకాలే వచ్చాడు. అడుగున, పాత టీవీ యాంటెన్నాల కింద, తుప్పు పట్టిన బూస్టర్ ఒకటి దొరికింది. అరచేతిలో పట్టే రేకు డబ్బా. గాలిలోంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పెద్దది చేసి రేడియోకు ఇస్తుంది. మంచిదే. కానీ పాతబడి, వైరులో నీళ్ళు చేరాయంటే దానికి పిచ్చెక్కుతుంది. విన్నది పెద్దది చేయడం మానేసి, తనే అన్ని దిక్కులకూ కేకలు పెట్టడం మొదలెడుతుంది. ఆ కేకలు మన చెవికి వినపడవు. రేడియోకూ పెద్దగా అడ్డురావు. బిళ్ళకు మాత్రం ఇంకేమీ విననివ్వవు.

బల్ల మీద బిళ్ళ పెట్టి వెలిగించాను. కిటికీలోంచి పదకొండు. బూస్టర్‌కు నీళ్ళు చల్లిన వైరు తగిలించి, అటు చివర గదిలో పెట్టి బ్యాటరీ ఇచ్చాను. ఎనిమిది, నాలుగు, సున్నా. తీసేశాను. పదకొండు. మళ్ళీ ఇచ్చాను. సున్నా.

నూకరాజు తెర వంకా, నా వంకా చూశాడు.

"అంటే ఆయనే..."

"కూతురి మందు వస్తోందో లేదో వినడానికి పెట్టుకున్నాడు నూకరాజూ. ఆ మందునే రానివ్వడం లేదు."

నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆయన చోట నేనున్నా ఒకటికి రెండు బూస్టర్లు పెట్టేదాన్ని.

వరద 36వ రోజు

హైమావతి దగ్గర మందు నిన్నటితో అయిపోయి ఉంటుందని నూర్జహాన్ చెప్పింది. ఇవాళ చేరకపోతే రేపటి మాట ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు.

వాన వెలిసింది గానీ గాలి తగ్గలేదు. కొసలంక వైపే వీస్తోంది. వెళ్ళేటప్పుడు తోడు గాలి, వచ్చేటప్పుడు ఎదురు గాలి. బ్యాటరీ అటు వెళ్ళడానికే సరిపోతుంది. అక్కడి అరుగు మీద సోలార్ పలక దగ్గర నింపుకుంటే తప్ప వెనక్కి రాలేదు. అంటే వెనక్కి తిరగాలన్న నియమం ఈసారి పనికిరాదు, దాని బుర్రలోంచి తీసేశాను. అంకె పడిపోతే ఆఖరి పెట్టె నీళ్ళలోకే.

చాటింపు వేయకుండా పంపితే? మూడు రోజుల కిందటే కాగితం కొరికిన కోతులు అక్కడే ఉన్నాయి. వేస్తే ఆయన బూస్టర్ పెట్టే వింటాడు, అది లేకుండా ఆయనకు మాట అందదు. కాబట్టి చాటింపు వినాలి, విన్న వెంటనే కట్టేయాలి. విన్నాడో లేదో, కట్టాడో లేదో నాకు తెలిసే దారి లేదు.

తొమ్మిదింటికి మిగతా లంకల జాబితా చదవలేదు. మైకు దగ్గరగా లాక్కుని ఒక్కో ముక్క విడదీసి చెప్పాను.

"కొసలంక వీరభద్రంగారూ. నేను తాయారును. ఈ మాట మీ ఒక్కరికే. ఇవాళ మందు వస్తోంది. మీ యాంటెన్నాకు తగిలించిన బూస్టర్ వల్లే తూనీగకు దారి తెలియడం లేదు. తప్పు మీది కాదు, మీకు తెలియదు. ఇది వినగానే బూస్టర్ కట్టెయ్యండి. రేడియో కూడా కట్టెయ్యండి. కర్ర తీసుకుని అరుగు దగ్గరికి వెళ్ళండి. దారిలో ఎక్కడికొచ్చిందో ఇవాళ నేను చెప్పను. మీరు వినొద్దు."

అదే మాట మూడుసార్లు చెప్పాను. తర్వాత మైకు కట్టేశాను.

బయట నూకరాజు తూనీగను చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. దాన్ని ఒకసారి కింద పెట్టి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి దాని పక్కన పెట్టి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఎత్తాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆ నిమిషం నాకూ కావాలనిపించింది.

లేచింది. మొగలిలంక దాటింది. నా చెయ్యి మైకు మీదికి పోయింది, వెనక్కి లాక్కున్నాను. విరిగిన టవరు దాటింది. మాట్లాడకుండా ఉండడం ఇంత కష్టమని నాకు యాభై ఆరేళ్ళొచ్చినా తెలియదు. నూర్జహాన్ నా వెనక నిలబడి ఉంది. అంకె పద్నాలుగు.

ఒక కిలోమీటరు. పద్నాలుగు.

ముప్పావు. పదమూడు. ఎప్పుడూ పడిపోయే చోటు. పదమూడు. దాటింది!

అర కిలోమీటరు. పద్నాలుగు. నూకరాజు "గంగమ్మతల్లీ" అన్నాడు.

అప్పుడు పది.

ఏడు.

"మల్లీ ఎట్టేడండి!" అని నూకరాజు కేక పెట్టాడు. తెర మీద తూనీగ గుర్తు గాలివాటున పక్కకి జరగడం మొదలైంది. ఐదు.

నేను మైకు వేశాను. ఏం చెప్పాలో అనుకోలేదు.

"భద్రంగారూ, మీరు వింటున్నారు. వింటున్నారని ఇక్కడ నాకు కనిపిస్తోంది. తూనీగ మీకు దగ్గర్లోనే ఉంది. వెనక్కి రాలేదు. మునిగిపోలేదు. మీరు నా మాట వింటున్నంతసేపూ దానికి దారి కనబడదు. దయచేసి కట్టెయ్యండి. మీ అమ్మాయి మీద ఒట్టు, నేను దాన్ని దింపుతాను. కట్టెయ్యండి."

నాలుగు. నాలుగు. మూడు.

మూడు.

ఎనిమిది. పన్నెండు. పద్నాలుగు.

నేను ఆ అంకె వంకే చూస్తూ ఉండిపోయాను. పదేళ్ళుగా ఆ లంకతో మాట్లాడుతున్నాను, అటు నుంచి అప్పటికప్పుడు ఒక్క మాట రాలేదు. ఇవాళ నేను అడిగాను, ఆయన విన్నానని చెప్పాడు. అది జవాబు కాక మరేమిటి?

పక్కకి జరిగిన తూనీగ గుర్తు వంపు తిరిగి లంక మీదికి వచ్చింది. దిగింది. రెండు నిమిషాల తర్వాత పెట్టె మూత తీసినట్టు సంకేతం వచ్చింది. మనిషి మీట నొక్కితేనే వచ్చే సంకేతం అది, కోతులకు చేతకాదు.

నూర్జహాన్ నా భుజం మీద చెయ్యి వేసింది. నేను ఏడ్చాను. రాయడానికి సిగ్గేమీ లేదు, ఏడ్చాను. నూకరాజు గ్లాసులోని నీళ్ళు తనే తాగేశాడు.

వరద 37వ రోజు

గాలి తగ్గింది. పది గంటలకు తూనీగ తిరిగొచ్చింది. పెట్టె బరువుగా ఉంది. ఒక ఉత్తరం, దాని కింద గుడ్డలో చుట్టిన రేకు డబ్బా. మూత మీద చెరిగిపోయిన అక్షరాల్లో 'భద్రం కేబుల్' అని ఉంది. వైరు పీకేసి, కొసలకు టేపు చుట్టి మరీ పంపాడు.

"తాయారు గారికి. మందు అందింది. నిన్న మూడుసార్లు పొడుచుకుంది. రాత్రి నిద్రపోయింది, ఇవాళ గంజి తాగింది. ముందు ఈ సంగతి రాయమంది.

మీరు కట్టెయ్యమన్నది విన్నాను. కట్టేశాను. అరుగు దగ్గర నిలబడ్డాను. అందరూ తూనీగ చప్పుడు ముందుగానే వినపడుతుందంటారు. నాకు ఆ చప్పుడు వినపడి రెండేళ్ళు దాటింది. చెవులు పోయాయి తాయారు గారూ. వినేమనిషికి చెవుడని తెలిస్తే రేడియో ఇంకొకరి ఇంటికి పోతుందని, అమ్మాయి మందు కబురు ఎవరో వచ్చి చెబితే తప్ప నాకు తెలియదని, ఎవరికీ చెప్పలేదు. గరగరలో మీ మాట పోల్చుకోలేక తాతగారి బూస్టర్ దించాను. నిన్న అరుగు దగ్గర ఎంతసేపు నిలబడ్డా ఏమీ వినపడలేదు. మళ్ళీ వెనక్కి పోయిందేమో, మీరు అదే చెబుతున్నారేమో అని భయమేసి ఇంట్లోకి పరిగెత్తి పెట్టాను. పెట్టగానే మీరు నన్ను పిలుస్తున్నారు.

నా బిడ్డ మందుకు ఇన్ని రోజులు అడ్డం నిలబడింది నేనే. ఈ డబ్బా ఇక్కడుంటే నా చెయ్యి ఊరుకోదు. మీ దగ్గరే ఉంచండి. రేడియో ఎవరికివ్వాలో కూడా మీరే చెప్పండి."

అడుగున చక్కటి దస్తూరీతో, అక్షరాలు కొంచెం వణికినా, రెండు వాక్యాలు ఉన్నాయి. "నాన్న నిన్నటి నుంచి నాతో మాట్లాడడం లేదు, ముఖం చూడలేకపోతున్నారు. మీరు చెబితే వింటారు."

నూకరాజుకు చదివి వినిపించాను. "నాకూ ఎడం సెవి సరిగా ఇనపడదండి" అన్నాడు. నాలుగేళ్ళుగా నా పక్కనే పని చేస్తున్నాడు. నేను ఎడమవైపు నుంచి పిలిచినప్పుడల్లా పలకడని ఎన్నిసార్లు తిట్టానో!

వరద 38వ రోజు

తొమ్మిదింటికి చాటింపు. మొగలిలంకకు ఉప్పు, పూసలలంకకు బాలింత మందులు. కొసలంకకు సుద్ద ముక్కలు.

"కొసలంక వినేమనిషి వీరభద్రంగారికి," అన్నాను, "రేడియో మీ ఇంట్లోనే ఉంటుంది. హైమావతి పక్కన కూర్చుని వింటుంది, విన్నది మీకు చెబుతుంది. కర్ర మాత్రం మీరే పట్టుకోవాలి, కోతులకు ఆవిడంటే భయం లేదు. ఇన్ని రోజులూ మీరు అడ్డం నిలబడలేదు. ఎదురు చూస్తూ నిలబడ్డారు. తూనీగను తూనీగ అని పిలవడం మొదలెట్టిన దగ్గర్నుంచీ నేను చేసిన తప్పుల జాబితా ఈసారి ఉత్తరంలో రాసి పంపుతాను. అది చదివాక మీరు మీ అమ్మాయి ముఖం ధైర్యంగా చూడవచ్చు. చూడండి. ఆవిడ మీకోసమే ఎదురు చూస్తోంది."

చెప్పి ఆగాను. అలవాటుగా తెర వంక చూశాను. కొసలంక మీద తూనీగ ఏదీ లేదు, ఉన్నా అంకె మారదు. జవాబిచ్చే డబ్బా నా బల్ల మీద, టేపు చుట్టిన వైర్లతో, నిశ్శబ్దంగా ఉంది. ఆయన విన్నాడో లేదో నాకు ఇక ఎప్పటికీ అప్పటికప్పుడు తెలియదు.

అయినా మైకు కట్టేముందు కాసేపు కూర్చున్నాను. ఆయన లేచి కూతురి గదిలోకి వెళ్ళడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు.